పొట్టికాలి తోరణం

మా వరంగల్ కోటలో ఉన్న రాతి తోరణాలు వందల ఏళ్లుగా అలాగే నిలబడి ఉన్నాయి. ఎండకు కదల్లేదు, వానకు వంగలేదు. అలాంటి తోరణాన్ని నేను ఒక్క వారంలో, నోరు విప్పి ఒక్క మాట మాట్లాడకుండా, ఒక కాలు బెత్తెడు పొట్టిగా చేసి పెట్టాను. రాతితో కాదు లెండి, నూలుతో. అయినా పొట్టి పొట్టే. ఆ వారం సంగతి మా ఇంట్లో ఎవరూ నా ముందు ఎత్తరు. నేనే చెబుతున్నాను కాబట్టి మీరు నవ్వుకోవచ్చు. కాకపోతే కొంచెం మెల్లగా నవ్వండి, నాకు ఇంకా పూర్తిగా కోపం తగ్గలేదు.

డెబ్బైల చివరి మాట. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు మాది. మా ఆయన సత్తయ్య, నెమ్మదస్తుడు. కూతురు సువర్ణ, నాలుగో తరగతి. ఇక నా సంగతి. నా పేరుకంటే నా కోపమే వాడలో ఎక్కువమందికి తెలుసు. పాలు పొంగితే పొయ్యి మీద కోపం, పొంగకపోతే పాలు పోసే ఆమె మీద కోపం. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎవరో ఒకరి మీద కోపం లేకపోతే నాకు పని సాగేది కాదు.

అంతకు ముందు మా ఆయన ఒకరి షెడ్డులో, నేను ఇంకొకరి ఇంట్లో నేసేవాళ్లం. సువర్ణ బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉండేది. తాళంచెవిని తాడుకు కట్టి దాని మెడలో వేసి పంపేదాన్ని. ఒకరోజు నేను వచ్చేసరికి గడప మీద కూర్చునే నిద్రపోయింది. తాళం బిగుసుకుని రాలేదట. తాళంచెవి దాని గుప్పిట్లోనే ఉంది. ఆ రోజు నాకు తాళం మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అందుకే మా నేత సంఘం వాళ్లు వాడకు ఒక పెద్ద మగ్గం ఇస్తామనగానే మేమిద్దరం వెంటపడి తెచ్చుకున్నాం. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేసే మగ్గం అది. గదిలో పట్టకపోతే అడ్డుగోడ కూడా కొట్టేశాం. ఇక నుంచి పిల్ల వచ్చేసరికి తలుపు తెరిచి ఉంటుందని నా ఆశ.

కాకపోతే ఒక షరతు. సంఘం సూపర్‌వైజర్ ఇచ్చిన నమూనా ప్రకారం తోరణం ఉన్న జంపఖానా ఒకటి నేసి చూపించాలి. శనివారం మధ్యాహ్నం వచ్చి చూస్తానన్నాడు. బాగుంటే మగ్గం మా ఇంట్లో ఉంటుంది. లేకపోతే పక్క వాడకు పోతుంది, నేను మళ్లీ తాళంచెవికి తాడు వెతుక్కోవాలి.

నమూనా ఒక దళసరి కాగితం మీద, గడులు గీసి, రంగు పెన్సిళ్లతో నింపి ఉంది. తోరణం ఎడమ కాలు, అంటే ఎడమ కంబం, ఆయన వైపు, కుడి కంబం నా వైపు. పైన రెండు వైపుల నుంచీ దూలం వచ్చి మధ్యలో కలవాలి. "సత్తన్నా, ఈ కాగితం ఒక్కటే ఉన్నది. పోగొట్టినవంటే మగ్గం ముచ్చట మర్చిపో" అని మరీ చెప్పి ఇచ్చాడు సూపర్‌వైజర్.

ఇక్కడ మా నేత పద్ధతి ఒకటి చెప్పాలి. ఇద్దరు కూర్చుని నేసేటప్పుడు కుడివైపు ఉన్నవాళ్లు లెక్క పిలవాలి. "గడి తొమ్మిది, ఎర్ర నాలుగు, నల్ల రెండు" అని. ఎడమవైపు వాళ్లు "ఆఁ" అనాలి. ఇంతే. ఇంట్లో పెళ్లి ఉన్నా, చావు ఉన్నా మగ్గం మీద కూర్చుంటే ఈ పిలుపు ఆగకూడదు. ఆగితే రెండు చేతులు రెండు జంపఖానాలు నేస్తాయి. మా ఇంట్లో కుడివైపు కూర్చునేది నేను.

సోమవారం పొద్దున ఏం జరిగిందంటే, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. నా చేతిలో సువర్ణ జడ ఉంది. అప్పుడు అంది అది, "అమ్మా, లెక్కల నోటుబుక్కుకు అట్ట లేకుంటే టీచర్ బయట నిలబెడ్తదంట."

"ఎప్పుడు చెప్పింది?"

"శుక్రవారం."

"శుక్రవారం చెప్తే ఇప్పుడు చెప్తానవా?"

"ఇప్పుడు యాదికొచ్చింది గదమ్మా."

జడ సగంలో వదిలేసి చాప ఎత్తాను. పాత క్యాలెండర్ కాగితాలు మేం చాప కింద దాచేవాళ్లం, ఇలాంటి పనులకు పనికొస్తాయని. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. గడులున్న దళసరి కాగితం ఒకటి చేతికి తగిలింది. గడులు లోపలికి, తెల్లవైపు బయటికి వచ్చేలా మడిచి, నాలుగు నిమిషాల్లో అట్ట వేసిపారేశాను. ఈలోగా అన్నం మాడింది. అదే కోపంతో పిల్లను కూర్చోబెట్టి అట్ట మీద వేలెడు వేలెడు అక్షరాలతో "సువర్ణ, నాలుగో తరగతి, లెక్కలు" అని రాయించి బడికి తరిమాను.

మీరు కనిపెట్టేశారు. నాకు తెలుసు. నాకు మాత్రం ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజుల్లో నేనేం చేశానో వినండి.

పిల్ల పోయాక మగ్గం మీద కూర్చున్నాం. మా ఆయన చాప ఎత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు.

"కాగితం ఏది?" అన్నాడు.

"నన్నడుగుతవేంది? దాచింది నువ్వు గద."

"ఈడనే పెట్టిన. క్యాలెండర్ల నడుమ. నలగకుంట ఉంటదని."

"చాప కింద పెట్టుడేంది? అది దాచే జాగనా?"

"ఇల్లు ఊడ్సింది నువ్వు."

"అంటే నేను ఊడ్సి పారేసిన్నంటవ్."

"నేనన్లే. నువ్వే అంటానవ్."

ఈ మాట ఉంది చూశారూ, "నేనన్లే, నువ్వే అంటానవ్", పదిమంది చుట్టూ చేరి తిట్టినా నాకు అంత కోపం వచ్చేది కాదు. పెట్టెలు తిరగేశాం, గూళ్లు వెతికాం, బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టాను. దొరకలేదు. దొరకని ప్రతి చోటూ నాకు ఆయన తప్పుకు సాక్ష్యంలా కనిపించింది. చివరికి అనకూడని మాట అనేశాను.

"మీ అమ్మ నీకు ఒక్క వస్తువు సక్కగ దాచుడు నేర్పలే."

"నా తల్లి జోలికి రాకు."

"ఇగ నీ జోలికే రాను."

అంతే. నోరు మూసుకున్నాను. ఆయనా మూసుకున్నాడు. సూపర్‌వైజర్‌ను ఇంకో కాగితం అడగడానికి లేదు, మగ్గం పోతుంది. ఆదివారం ఇద్దరం కూర్చుని గంటసేపు ఆ నమూనా చూశాం కాబట్టి ఎవరికి వాళ్లకు అంతా గుర్తుందనే ధైర్యం. పైగా నాది తప్పని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషితో నేను మాట్లాడటం లేదు.

కాబట్టి లెక్క పిలవడం ఆగింది. మగ్గం ముందున్న ఒకే చెక్క పలక మీద, మోచేయి మోచేయి తగిలేంత దగ్గరగా కూర్చుని, పొద్దున నుంచి సాయంత్రం దాకా మూగవాళ్లలా నేశాం. పేకను, అంటే అడ్డం పోగులను, దగ్గరికి కొట్టడానికి ఇనుప పళ్ల పంజా ఉంటుంది మాకు. నేను ఆ పంజాతోనే మాట్లాడాను. ఒక్కో దెబ్బకు ఒక్కో తిట్టు లోపల అనుకుంటూ కొట్టాను. ఇంటి కప్పు మీది కాకులు లేచిపోయాయి.

నాలుగున్నరకు సువర్ణ వచ్చింది. అప్పటి నుంచి దాని కష్టాలు మొదలు.

"సువర్ణా, మీ నాయిననడుగు, నల్ల నూలు కండెలు ఎన్ని మిగిలినయో."

ఆ నాయిన నా పక్కనే, మూరెడు దూరంలో ఉన్నాడు. పాపం పిల్ల పలక చుట్టూ తిరిగి ఆయన ముందుకు పోయింది. "నాయినా, నల్ల కండెలు ఎన్ని మిగిలినయని అమ్మ అడుగుతాంది."

"ఎనిమిది."

మళ్లీ తిరిగి నా దగ్గరికి. "అమ్మా, ఎనిమిదంట."

"కాగితం ఏడ పెట్టిండో యాదికొచ్చిందా అని గూడ అడుగు."

"నాయినా, కాగితం ఏడ పెట్టినవో..."

"యాదికి రావాల్సింది నాకు గాదని చెప్పు."

"అమ్మా, యాదికి రావాల్సింది..."

"నాకు ఇనబడ్డది."

"ఇనబడితే నన్నెందుకు తిప్పుతాన్రు?" అంది పిల్ల. దానికీ కోపం వచ్చింది. నా కూతురే కదా. చంకలో లెక్కల నోటుబుక్కు పెట్టుకునే అటూ ఇటూ తిరిగింది, కూర్చుని లెక్క మొదలుపెట్టే వీలు దొరకలేదు మరి. ఆ అట్టను నేను వారమంతా నా కళ్లతో చూశాను. అక్షరాలు గుండ్రంగా లేవని ఒకసారి తిట్టాను కూడా.

పిల్ల బడిలో ఉన్నప్పుడు మరీ ఇబ్బంది. అందుకని నేను మగ్గంతో మాట్లాడేదాన్ని. "ఎవరన్న జర అవుతలికి జరిగితే నా చెయ్యి ఆడుతది" అనేదాన్ని పడుగు పోగులను చూస్తూ. ఆయన తన చేతిలో కండెను చూస్తూ "జాగ ఉన్నకాడికి జరిగినం" అనేవాడు. మేం మాట్లాడుకోలేదు. నేను మగ్గంతో, ఆయన కండెతో.

బుధవారానికి పక్కింటి కనకవ్వ గోడ మీంచి తల పెట్టింది. "ఏం బిడ్డా, మూడొద్దులాయె మీ ఇంట్ల లెక్క ఇనబడ్తలేదు. జరమొచ్చిందా ఎవరికన్న?"

"గొంతు పట్టుకున్నది చిన్నమ్మా" అన్నాను.

"ఇద్దరికీనా?" అంది. ఇక వాడంతా తెలిసిందన్నమాటే.

ఆ రోజు సాయంత్రమే సువర్ణకు పన్ను ఊడింది. పరుగెత్తుకొచ్చి నెత్తురు నోటితో "ఊడింది, ఊడింది" అంటూ అరచేయి చాపింది. ఇద్దరం ఒకేసారి పలక మీంచి లేచాం. ఒకేసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన పెదవులు కదిలాయి. నావీ కదిలాయి. అప్పుడు చటుక్కున యాదికొచ్చి ఇద్దరం నోళ్లు మూసేశాం. ఆయన పిల్లను భుజాల మీద ఎక్కించుకుని పన్ను పెంకుల మీదికి వేయించాడు. నేను గడపలో నిలబడి చూశాను. నాక్కూడా ఆ పక్కన నిలబడాలని ఉండింది. పోలేదు. మొదటి పన్ను ఊడినప్పుడు నేను నోరారా నవ్వి పిల్లను ముద్దుపెట్టుకున్నాను, ఈసారి నోరు కడుక్కోమని మాత్రం చెప్పాను. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నా మీద నాకు మంట.

గురువారం అసలు ఘోరం. నా కంబం ముప్పై గడులకు అయిపోయింది. ఆదివారం చూసింది ముప్పై అని నాకు బాగా గుర్తు. నల్ల దారం తెంచి పసుపుపచ్చ కండె తీసి దూలం మొదలుపెట్టాను. పక్కకు చూస్తే ఆయన కంబం ఇంకా పైకి పోతూనే ఉంది. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ఆయన కూడా నా పసుపుపచ్చ చూశాడు. చేయి ఆగింది. తల తిప్పి నా వైపు చూడబోయి ఆగిపోయాడు.

ఇప్పుడు మీరు చెప్పండి, బుద్ధున్న మనిషి ఏం చేస్తుంది? "ఏమయ్యా, నీకెన్ని, నాకెన్ని" అని అడుగుతుంది. మగ్గం పోతుందే అని భయపడుతుంది. నేనేమనుకున్నానంటే, తప్పు నేస్తున్నది ఆయన, అడగాల్సింది ఆయన, అడిగినప్పుడు చెబుదాం. ఆయన కూడా అచ్చంగా అదే అనుకున్నాడట. ఇద్దరం చూస్తూ చూస్తూ, తెలిసి తెలిసి, శుక్రవారం సాయంత్రం దాకా నేశాం. ఆయన కంబం ముప్పై ఆరు గడులకు ఆగింది. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. నా దూలం తిన్నగా పోతే ఆయన కంబానికి మెడ దగ్గర గుద్దుకుంటుంది. ఆ తోరణం కింద నుంచి ఎవరైనా పోవాలంటే ఒక వైపు వంగి పోవాలి.

అదే సమయానికి సువర్ణ బడి నుంచి వచ్చి, మాట్లాడకుండా నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టింది. పది లెక్కల్లో ఎనిమిది తప్పు. కింద ఎర్ర సిరాతో తల్లిదండ్రుల సంతకం కావాలని టీచర్ రాసింది. వారమంతా దాచుకున్న కోపానికి దారి దొరికింది.

"ఇంత అల్కటి లెక్కలు రావా నీకు? బుర్ర ఏడ పెట్టి చేసినవే?"

"నేనెట్ల చేయాలె?" అంది అది. "లెక్క మొదలుపెడితే నాయిన పిలుస్తడు. సగమైనంక నువ్వు పిలుస్తవు. మీరే మాట్లాడుకుంటే నాకన్ని వస్తయి."

నిజం అంత సూటిగా చెబితే ఎవరికి కోపం రాదు? నోటుబుక్కు లాక్కుని విసిరాను. అది పోయి మగ్గం మీద, మా తోరణం మీదే పడింది. అట్ట ఊడి విచ్చుకుంది. ఎర్ర గడులు, నల్ల గడులు, పసుపుపచ్చ గడులు.

మా ఆయన ఆ కాగితాన్ని తీసుకుని మడతలు చేత్తో సాపు చేశాడు. వేలు పెట్టి కంబం గడులు లెక్కపెట్టాడు. తన కంబం చూసుకున్నాడు, నా కంబం చూశాడు. అప్పుడైనా రెండు తిట్లు తిడతాడేమో, నేను కూడా నాలుగు తిట్టి తేలికపడదామని చూశాను. ఆయన కాగితాన్ని కూతురికి అందించాడు.

"సువర్ణా, ఇది మీ అమ్మకియ్యి" అన్నాడు.

ముప్పై ఆరు. నేను మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ ముప్పై ఆరే. ముందు కాగితం మీద కోపం వచ్చింది. తర్వాత అట్ట అడిగిన టీచర్ మీద, గడులు గీసి క్యాలెండర్లు అచ్చువేసేవాళ్ల మీద, తెల్లవారడానికి ఆలస్యం చేసిన సూర్యుడి మీద. నా మీద కోపం అందరికంటే చివర వచ్చింది. కానీ వచ్చింది మళ్లీ పోలేదు.

తప్పయింది అనాలి. ఆ మాట నోటి దాకా వచ్చి అక్కడే కూర్చుంది. పోయి పలక మీద కూర్చుని నా దూలం విప్పడం మొదలుపెట్టాను. రెండు రోజుల నేత. కొంచెంసేపటికి ఆయన వచ్చి మధ్యనుంచి విప్పసాగాడు. ఇద్దరి చేతులూ ఒకచోట కలిశాయి. ఆగిన చోటు నుంచి నా కంబం మళ్లీ మొదలుపెట్టాలి. అప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"గడి ముప్పై ఒకటి. ఎర్ర నాలుగు, నల్ల రెండు."

"ఆఁ" అన్నాడు ఆయన.

గోడ అవతల నుంచి కనకవ్వ అంది, "గొంతు నొప్పి తగ్గినట్టున్నది."

శనివారం మధ్యాహ్నానికి కంబాలు రెండూ సమానంగా నిలబడ్డాయి. దూలం మాత్రం లేదు. సూపర్‌వైజర్ వచ్చి, కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూశాడు.

"తోరణం ఏది సత్తన్నా? రెండు కంబాలే ఉన్నయి."

మా ఆయన నన్ను చూశాడు, నేను పంజాను చూశాను.

"కాగితం తియ్యి, చూద్దాం."

ఇచ్చాను. దాచడానికి ఏముంది? సూపర్‌వైజర్ ముందువైపు చూశాడు. వెనక్కి తిప్పాడు. "సువర్ణ, నాలుగో తరగతి, లెక్కలు" అని పైకి చదివాడు. "ఇదేంది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపల మా ఆయన ముందుకొచ్చాడు. "నేనే సార్. పిల్ల నోటుబుక్కుకు అట్ట ఏసిన. చూస్కోలే."

నా స్థానంలో ఇంకో ఆడమనిషి ఉంటే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగేవి. నాకు ఒళ్లు మండిపోయింది. వారం రోజులు నేను పైకీ లోపలా అనరాని మాటలన్నాను. ఆయన తల్లిని కూడా వదల్లేదు. ఇప్పుడీ మనిషి చేతులు కట్టుకుని నా తప్పు తన మీద వేసుకుంటున్నాడు. ఇక జన్మంతా నేను ఈయన ముందు తలెత్తి ఎట్లా తిట్టేది?

"అబద్ధం సార్" అన్నాను. "ఈయనకు అట్ట ఏసుడు రాదు. నేనే ఏసిన."

"కాదు సార్, నేనే."

"ఏసి చూపించుమనండి సార్. ఒక్క మూల మడవరాదు ఈయనకు."

"ఎందుకు రాదు? నేర్సుకుంటి."

"ఎప్పుడు నేర్సుకున్నవ్? ఎవరి పుస్తకానికి ఏసినవ్?"

సూపర్‌వైజర్ చెయ్యెత్తాడు. "నేను మగ్గం చూడొచ్చిన. మీ పంచాయితీకి రాలే." వంగి జంపఖానా కింది భాగాన్ని, అంటే సోమవారం నేను పంజాతో తిట్లు కొట్టిన భాగాన్ని, వేళ్లతో నొక్కి చూశాడు. "ఈ పక్క నేత మాత్రం రాయి లెక్కున్నది" అన్నాడు మెచ్చుకోలుగా. "బుధవారం దాకా ఆగుత. బుధవారం నాడు దూలం లేకుంటే మగ్గం పోతది. కాగితాన్ని మగ్గానికే కట్టేసుకోండి." సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ సైకిల్ ఇంకా మలుపు తిరగలేదు, నేను మొదలుపెట్టాను.

"నిన్నెవరు చెప్పుమన్నరు?"

"నీ మాట పోవద్దని చెప్పిన."

"నా మాట సంగతి నీకెందుకు? నేను చెప్పుకోలేనా?"

"మంచికి పోతే గిట్లనే ఉంటది. ఇగ నేను మాట్లాడ."

"మాట్లాడకు."

నేను పొయ్యి వైపు తిరిగాను. ఆయన గోడ వైపు తిరిగాడు. శనివారం ఒంటిపూట బడి. తెరిచి ఉన్న తలుపులోంచి సువర్ణ లోపలికి వచ్చింది. నన్ను చూసింది. వాళ్ల నాయినను చూసింది. సంచి దించింది. వచ్చి పలక మీద సరిగ్గా మా ఇద్దరికీ మధ్యలో కూర్చుని, చెమట తుడుచుకుని, పెద్ద మనిషిలా నిట్టూర్చి అడిగింది.

"ఇయ్యాల ఎవరికి ఏం చెప్పాలె?"

ముందు ఎవరు నవ్వారన్న దాని మీద మా ఇద్దరికీ ఇప్పటికీ తగాదా ఉంది. బుధవారానికి దూలం కలిసింది. నేను లెక్క ఎంత గట్టిగా పిలిచానంటే కనకవ్వ చెవుల్లో దూది పెట్టుకుంది. మగ్గం మా ఇంట్లోనే ఉండిపోయింది. తాళంచెవి తాడును మాత్రం నేను పారేయలేదు, దాంతో నమూనా కాగితాన్ని మగ్గానికి కట్టాను.

ఇక నా ప్రమాణం. పంజా మీద చెయ్యి వేసి చెబుతున్నాను. రెండు వైపులా తిప్పి చూడకుండా ఏ కాగితంతోనూ ఎవరి పుస్తకానికీ అట్ట వేయను. మొగుడి మీద కోపం మాత్రం మానను, అది నా వల్ల కాదు. కానీ ఎంత కోపం వచ్చినా నా తిట్లు నేనే తిడతాను, మధ్యలో పిల్లను తిప్పను. ఈ ప్రమాణం ఆ సాయంత్రమే మా ఆయనకు కూడా వినిపించాను, సువర్ణతో చెప్పించకుండా.